ఓడ మునిగే రాత్రి ఎవరు వింటున్నారు?

టైటానిక్ మీద వచ్చిన సినిమాల్లో రెండిటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి అందరికీ తెలిసిందే, 1997లో జేమ్స్ కామెరాన్ తీసింది. రెండోది 1958లో రాయ్ వార్డ్ బేకర్ తీసిన 'ఎ నైట్ టు రిమెంబర్'. వాల్టర్ లార్డ్ 1955లో అదే పేరుతో రాసిన పుస్తకం దానికి ఆధారం. కామెరాన్ సినిమాలో ప్రేముంది, డబ్బుంది, ఓడ నిలువునా లేచి రెండు ముక్కలయ్యే దృశ్యం ఉంది. బేకర్ సినిమా బ్లాక్ అండ్ వైట్. అందులో ఓడ విరగదు కూడా, ఒక్క ముక్కగానే మునిగిపోతుంది. విరిగిందని ఖాయంగా తెలిసింది 1985లో శిథిలం దొరికాకే కదా.

అయినా ఆ పాత సినిమానే పెద్దది అనిపిస్తుంది నాకు. కారణం ఒకటే. కామెరాన్ సినిమాలో ఒక ఓడ మునుగుతుంది. బేకర్ సినిమాలో ఒక ఓడ మునుగుతూ ఉంటే రెండు ఓడలు వినాలి. ఒకటి వింటుంది, ఒకటి వినదు. కథంతా అక్కడే ఉంది.

*

1912 నాటికి ఓడ మీద రేడియో అంటే ప్రాణరక్షణ సాధనం అనే ఊహ ఇంకా గట్టిపడలేదు. అది డబ్బున్న ప్రయాణికులకి ఒక సౌకర్యం. టైటానిక్ రేడియో గదిలో కూర్చున్న జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ మార్కోనీ కంపెనీ మనుషులు. ఒకడికి 25 ఏళ్ళు, ఇంకొకడికి 22. వాళ్ళ అసలు పని ప్రయాణికుల టెలిగ్రాములు పంపడం. ముందు రోజు రాత్రి యంత్రం పాడైంది. గంటల తరబడి కూర్చుని బాగుచేసుకున్నారు. ఈలోపు టెలిగ్రాములు గుట్టగా పేరుకుపోయాయి.

ఏప్రిల్ 14 రాత్రి పదకొండు ప్రాంతంలో ఫిలిప్స్ న్యూఫౌండ్‌లాండ్‌లోని కేప్ రేస్ స్టేషన్‌తో ఆ గుట్ట తగ్గించుకుంటున్నాడు. దగ్గర్లోనే ఆగి ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ నుంచి సిరిల్ ఎవాన్స్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు మధ్యలో వచ్చాడు. మంచు చుట్టుముట్టింది, ఆగిపోయాం అని చెప్పబోయాడు. దగ్గర ఓడ కాబట్టి ఆ చప్పుడు ఫిలిప్స్ చెవుల్లో బాంబులా పేలింది. నోరు మూసుకో, పనిలో ఉన్నాను అన్నాడు ఫిలిప్స్. ఎవాన్స్ తమ ఓడ సరిగ్గా ఎక్కడుందో చెప్పనేలేదు. కాసేపు అలాగే విని, పదకొండున్నర దాటాక యంత్రం కట్టేసి పడుకున్నాడు. పొద్దున ఏడింటి నుంచీ పనిలో ఉన్నాడు. ఆ ఓడకి ఉన్న ఆపరేటర్ అతనొక్కడే. 11:40కి టైటానిక్ మంచుకొండని గుద్దుకుంది.

ఇక్కడ విలన్ ఎవరు? ఎవాన్స్ కాదు, రాత్రంతా వినాలని అతనికి ఏ చట్టమూ చెప్పలేదు. ఫిలిప్స్ అని కూడా అనలేం, అతను తనకి జీతమిచ్చే పనే చేస్తున్నాడు. చివరిదాకా గదిలో కూర్చుని పిలుస్తూనే ఉన్నాడు, ఆ రాత్రే చనిపోయాడు. బేకర్ సినిమా గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. తప్పుని ఒక మనిషి నెత్తిన రుద్ది చేతులు దులుపుకోదు. అలిసిపోయిన కుర్రాణ్ణి నిద్రపోనిస్తుంది. ప్రేక్షకుడు మాత్రం సీట్లో కుదురుగా కూర్చోలేడు. నిద్రపోతున్న మనిషి షాట్ అంత భయపెట్టడం నేను చాలా తక్కువ సినిమాల్లో చూశాను.

కామెరాన్‌కి ఈ సంగతులు తెలియక కాదు. కాలిఫోర్నియన్ ఘట్టం అతను తీశాడు కూడా. ఎడిటింగులో తీసేశాడు, తర్వాత ఎప్పుడో డిలీటెడ్ సీన్లలో బయటికొచ్చింది. విడుదలైన సినిమాలో మిగిలింది రెండు ముక్కలు: కెప్టెన్ వచ్చి ఆపద సందేశం పంపమనడం, కార్పేథియా ఒక్కటే వస్తోందనీ దానికి నాలుగు గంటలు పడుతుందనీ తెలియడం. నాలుగు గంటలు అనేది అక్కడ ఒక అంకె. ఇక ఆశ లేదని మనకి చెప్పే అంకె. ఆ అంకెకి అవతలి కొసన మనుషులున్నారని సినిమా మనకి చూపించదు. ప్రేమకథకి అడ్డొస్తారని కాబోలు. మునిగే ఓడని ప్రపంచం నుంచి కోసేస్తే అందంగానే ఉంటుంది, విషాదం చిక్కబడుతుంది. కానీ ఆ రాత్రి గురించి మనం తెలుసుకోవాల్సిన సంగతి అందులో జారిపోయింది.

*

అవతలి కొసన ఏం జరిగిందో చూడండి. దాదాపు 58 మైళ్ళ దూరంలో కార్పేథియా ఉంది. దాని ఆపరేటర్ హెరాల్డ్ కాటమ్‌కి 21 ఏళ్ళు. అతనూ పడుకోబోతున్నాడు. ఇంకో ఓడ నుంచి రావలసిన జవాబు కోసం హెడ్‌ఫోన్లు చెవులకి ఉంచుకునే బట్టలు మార్చుకుంటున్నాడు. టైటానిక్‌కి ఒడ్డు నుంచి టెలిగ్రాములు వచ్చి ఉన్నాయి, ఆ సంగతి చెబుదామని పిలిచాడు. వెంటనే రండి, మంచుకొండని గుద్దుకున్నాం అని జవాబొచ్చింది. పరిగెత్తుకెళ్ళి కెప్టెన్ ఆర్థర్ రోస్ట్రన్‌ని నిద్రలేపారు. రోస్ట్రన్ ముందు ఓడ తిప్పమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తర్వాత కాటమ్‌ని అడిగాడు, నిజంగానే విన్నావా అని.

ఈ వరస గమనించాలి. ముందు ఓడ తిరిగింది, ప్రశ్న తర్వాత వచ్చింది.

ఇది చదివినప్పుడు తెలుగువాళ్ళకి ఒకటి గుర్తు రావాలి. మన సాహిత్యంలో ఆపద పిలుపు కథ ఒకటుంది, అది కూడా నీళ్ళలోనే జరుగుతుంది. పోతన గజేంద్ర మోక్షం. అందులో బళ్ళో చదువుకున్న ప్రతివాడికీ తెలిసిన పద్యాలు రెండు ఘట్టాల్లో ఉంటాయి. ఒకటి ఏనుగు మొర: బలం పోయింది, ధైర్యం సడలింది, పిలిచేవాడు అసలు ఉన్నాడో లేడో అనే అనుమానం కూడా వచ్చింది. రెండోది విన్నవాడి హడావుడి. లక్ష్మికి ఒక్క మాట చెప్పకుండా, ఆయుధాలు తీసుకోకుండా, చేతిలో ఆమె కొంగు ఉందన్న ధ్యాస కూడా లేకుండా బయల్దేరినవాడి హడావుడి. పోతన ఏనుగు బాధతోనే పద్యాలన్నీ నింపొచ్చు. అలా చెయ్యకుండా మడుగు దగ్గర్నుంచి కెమెరా ఎత్తి వైకుంఠంలో పెట్టాడు. వినడం కూడా ఒక క్రియ అనీ, కథలో సగం దానిదేననీ ఆయనకి తెలుసు.

బేకర్ సినిమా పోతన పద్ధతిలో నడుస్తుంది. వైకుంఠం బదులు ఒక మామూలు ఓడ, దేవుడి బదులు నిద్రలేచిన ఒక నడివయసు కెప్టెన్. కేబిన్లకి వెళ్ళే వేడి ఆపించి ఆ ఆవిరి కూడా ఇంజన్లకి మళ్ళించాడు రోస్ట్రన్. దుప్పట్లు, వేడి పానీయాలు, డాక్టర్లు అన్నీ సిద్ధం చేయించాడు. పొద్దున నాలుగింటికి చేరాడు. టైటానిక్ 2:20కే మునిగిపోయింది. సుమారు పదిహేను వందలమంది పోయారు. పడవల్లో మిగిలిన ఏడు వందల పైచిలుకు మంది బతికారు. దేవుడైతే సమయానికి వస్తాడు. మనుషులు వీలైనంత తొందరగా వస్తారు, ఒక్కోసారి అది చాలదు. ఆ చాలకపోవడాన్ని బేకర్ సినిమా లెక్కగట్టి చూపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి ఉంది, ఏ కథకుడూ కల్పించలేనిది. ఎవాన్స్ పడుకున్న తర్వాత కాలిఫోర్నియన్ మూడో ఆఫీసర్ చార్లెస్ గ్రోవ్స్ ఆ గదిలోకి వచ్చాడు. అతనికి రేడియో అంటే సరదా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విన్నాడు. ఏమీ వినపడలేదు. అప్పటి మాగ్నెటిక్ డిటెక్టర్‌కి గోడగడియారానికి ఇచ్చినట్టు కీ ఇవ్వాలి. ఇవ్వలేదు. సరిగ్గా ఆ సమయంలోనే టైటానిక్ పిలుపులు మొదలవుతున్నాయి. ఆకాశంలో తెల్ల రాకెట్లు కూడా కాలిఫోర్నియన్ డెక్ మీద ఉన్నవాళ్ళు చూశారు. కెప్టెన్‌కి చెప్పారు. తెల్లవారేదాకా ఆపరేటర్‌ని మాత్రం ఎవరూ లేపలేదు. చెవి ఉంది, మనిషి ఉన్నాడు, కుతూహలం కూడా ఉంది. లేనిది ఒక పద్ధతి.

*

తర్వాత వచ్చింది ఆ పద్ధతే. 1912లోనే అమెరికా ఓడల రేడియో మీద చట్టం చేసింది. 1914లో లండన్‌లో దేశాలు కూర్చుని సముద్రంలో ప్రాణరక్షణ గురించి ఒప్పందం రాసుకున్నాయి. యుద్ధం అడ్డుపడి అది అనుకున్నట్టు అమల్లోకి రాలేదు గానీ, వినడానికి నిరంతరం ఒక మనిషి ఉండాలనే ఊహ అక్కడే స్థిరపడింది.

ఆ ఊహలోంచి పుట్టినవాటిలో నాకు బాగా నచ్చింది రేడియో గది గడియారం. ఆన్‌లైన్ వేలాల్లో ఎప్పుడైనా కనబడితే చూడండి. ముఖం మీద నాలుగు చోట్ల రంగు ముక్కలుంటాయి, కేకు కోసినట్టు. రెండు ఎర్రవి, రెండు ఆకుపచ్చవి. గంటలో 15 నుంచి 18వ నిమిషం వరకు, 45 నుంచి 48వ నిమిషం వరకు ఎరుపు. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ మీద మోర్స్ పంపే ఆపరేటర్లందరూ ఆగిపోవాలి. టెలిగ్రాములు, వాతావరణం, కబుర్లు అన్నీ బంద్. చెవులు పెట్టి వినాలి, ఎక్కడైనా నీరసమైన పిలుపు ఒకటి వినపడుతుందేమోనని. గంట మొదట్లో, అరగంట దగ్గర ఉండే ఆకుపచ్చ ముక్కలు 2182 కిలోహెర్ట్జ్ మీద మాట్లాడేవాళ్ళకి. ఫిలిప్స్ ఎవాన్స్‌ని నోరు మూసుకోమన్నాడు కదా, దానికి ప్రపంచం చెప్పుకున్న జవాబు ఇది: గంటకి రెండుసార్లు అందరం నోరు మూసుకుందాం.

మాటల విషయంలోనూ అంతే. సినిమాల్లో మేడే అంటే ఒక అరుపు. చెమట, ఎర్ర లైటు, మేడే మేడే మేడే, తర్వాత గరగర. అసలు మేడేకి ఒక వాక్యనిర్మాణం ఉంది. మేడే అని మూడుసార్లు. ఓడ పేరు మూడుసార్లు, కాల్ సైన్. మళ్ళీ ఒకసారి మేడే, పేరు. తర్వాత ఎక్కడున్నారు. ఆ తర్వాతే ఏమైంది. ఏం సాయం కావాలి. ఎంతమంది ఉన్నారు. ఓవర్.

ఏమైందో చెప్పడానికి ముందు ఎక్కడో చెప్పాలి. కథలు రాసేవాళ్ళు ఆగి చూడాల్సిన చోటు ఇది. మనం ఎప్పుడూ ఏమైందో ముందు చెబుతాం, చెప్పాలనిపించేది అదే. కానీ మధ్యలో బ్యాటరీ పోతే? నీళ్ళు పరికరంలోకి వస్తే? ఓడలో మంటలని సగం విన్న మనిషి ఏమీ చెయ్యలేడు. ఎక్కడో విన్నవాడు, ఏమైందో తెలియకపోయినా బయల్దేరగలడు. అంటే ఈ వాక్యం చెప్పేవాడి మనసు వరసలో లేదు, వినేవాడి అవసరం వరసలో ఉంది. ఏ క్షణంలో తెగిపోయినా అప్పటిదాకా చెప్పింది పనికొచ్చేలా కట్టారు దాన్ని. ఇంత కరుణ ఉన్న గద్యం నేను ఎక్కువ చూడలేదు. అందులో ఒక్క విశేషణం కూడా ఉండదు.

ఎస్ఓఎస్ కూడా ఇలాంటిదే. దానికి అర్థం 'సేవ్ అవర్ సోల్స్' అని మనమంతా నమ్ముతాం. అసలు దానికి అర్థమే లేదు. 1906లో బెర్లిన్ సమావేశంలో దాన్ని ఎంచుకున్నది లయ కోసం. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు, మధ్యలో ఖాళీ లేకుండా. సగం నిద్రలో ఉన్న చెవి కూడా పట్టుకోవాలి. మేడే అనే మాట 1920లలో క్రాయ్‌డన్ విమానాశ్రయం రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ ఇచ్చింది. సాయం చెయ్యండి అనే ఫ్రెంచి మాటకి ఇంగ్లీషు చెవికి దొరికే రూపం అది. ఎవరైనా ఆపదలో ఉన్నప్పుడు మిగతా ఓడలు మాట్లాడకుండా ఆపడానికి 'సీలాన్స్ మేడే' అంటారు, అయిపోయాక 'సీలాన్స్ ఫీనీ' అంటారు. ఫ్రెంచిని అలా పలకాలని నిబంధనల పుస్తకాల్లోనే రాసుంటుంది. అన్ని దేశాల నాలుకలకీ సరిపోయేలా అరగదీసిన మాటలివి. అంతర్జాతీయ భాష అంటే ఇలా ఉంటుంది మరి, ఎవరి వ్యాకరణానికీ పూర్తిగా లొంగదు.

*

1999 ఫిబ్రవరి 1 నుంచి పెద్ద ఓడలకి కొత్త ఏర్పాటు పూర్తిగా అమల్లోకొచ్చింది. దాన్ని జీఎండీఎస్ఎస్ అంటారు. మోర్స్ వాచ్ పోయింది. దానితో పాటే చాలా ఓడల్లో రేడియో ఆఫీసర్ అనే మనిషీ పోయాడు. మూత ఎత్తి ఎర్ర బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఓడ తొమ్మిదంకెల గుర్తింపు నంబరు, ఉన్న చోటు వాటంతటవే వెళ్తాయి. అవతల ఓడల్లో అలారం మోగుతుంది. నీళ్ళలో పడితే తనంతట తనే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలని పిలిచే ఈపర్బ్ అనే పెట్టె ఒకటి ఉంటుంది. ఎవాన్స్ నిద్రపోయినా పర్లేదు ఇప్పుడు. యంత్రం లేపుతుంది.

ఈ కొత్త సముద్రం మీద వచ్చిన సినిమాల్లో 'ఆల్ ఈజ్ లాస్ట్' (2013) గురించి చెప్పుకోవాలి. జె.సి. చాండర్ తీశాడు. రాబర్ట్ రెడ్‌ఫర్డ్ ఒక్కడే నటుడు, మాటలు దాదాపు లేవు. హిందూ మహాసముద్రంలో, ఓడ మీంచి జారిపడ్డ కంటైనర్ ఒకటి అతని పడవకి చిల్లు పెడుతుంది. నీళ్ళు ముందు రేడియో మీదే పడతాయి. తడిసిన రేడియోని ఆరబెట్టి అతను పిలిచే ఘట్టం ఉంది. పిలుస్తూ ఎస్ఓఎస్ అంటాడు, మేడే అనడు. పడవలో ఈపర్బ్ కూడా ఉన్నట్టు కనబడదు. పడవలు నడిపేవాళ్ళు దీని మీద గట్టిగానే విరుచుకుపడ్డారు.

వాళ్ళది చాదస్తం అని సినిమావాళ్ళు కొట్టిపారేశారు. నేను పడవవాళ్ళ పక్షమే. ఇది సాంకేతిక తప్పు మాత్రమే అయితే వదిలెయ్యొచ్చు. కానీ సినిమా మొత్తం ఒక మనిషి ఒంటరితనం మీద నిలబడింది. ఆ ఒంటరితనం సముద్రం ఇచ్చింది కాదు, స్క్రిప్టు ఏర్పాటు చేసింది. వందేళ్ళుగా మనుషులు చట్టాలు రాసుకుని, ఉపగ్రహాలు పైకి పంపి, ఎవరూ అలా ఒంటరిగా పోకూడదని కట్టుకున్న ఏర్పాటునంతా పక్కకి తోసేస్తే గానీ ఆ అందం రాలేదు. కామెరాన్ చేసింది కూడా ఇదే కదా, ఇంకో రకంగా. సినిమాకి పిలిచేవాడి ముఖం ఇష్టం. వినేవాళ్ళు ఉంటే ఆ ముఖం పలచబడుతుందని భయం.

అయితే చాండర్ ఒక చోట నిజం పట్టుకున్నాడు. రెడ్‌ఫర్డ్ రబ్బరు తెప్ప మీద ఉంటాడు. పెద్ద కంటైనర్ ఓడలు దగ్గర్నుంచే వెళ్తాయి. ఫ్లేర్లు వెలిగిస్తాడు, అరుస్తాడు. డెక్ మీద ఒక్క మనిషీ కనపడడు. ఆ ఓడ అతన్ని కాదనదు, అసలు చూడనే చూడదు. అలారం మోగించని ఆపద దానికి ఆపదే కాదు. యంత్రానికి వినే పని అప్పగించాక, యంత్రం భాషలో పిలవలేనివాడి సంగతి ఏంటి? ఈ ప్రశ్న ఒక్క నిమిషం వెలిగి ఆరిపోతుంది, సినిమా మళ్ళీ రెడ్‌ఫర్డ్ ముఖం మీదికి వచ్చేస్తుంది. ఆ నిమిషం కోసమైనా చూడండి.

*

ఆ ప్రశ్న మన తీరానికి దూరమైంది కాదు. జీఎండీఎస్ఎస్ నియమాలు ప్రధానంగా పెద్ద ఓడలకి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా వేటకెళ్ళే పడవలు ఆ లెక్కలోకి రావు. ఆ మనుషులు మన సినిమాలోకి వచ్చారు. 2025లో వచ్చిన 'తండేల్' శ్రీకాకుళం నుంచి గుజరాత్ పడవల మీద పనికి వెళ్ళేవాళ్ళ కథ. 2018లో పాకిస్తాన్ జలాల్లో పట్టుబడినవాళ్ళ అనుభవం దానికి ఆధారం. నీళ్ళ మీద ఉన్నవాడికీ ఒడ్డున ఎదురుచూసే ఆమెకీ మధ్య దూరాన్ని అది ప్రేమగా చూపించింది. తెలుగు సినిమాకి ప్రేమగా చూపించడం బాగా వచ్చు.

ఇలాంటి పడవల కోసం ఇస్రో ఒక చిన్న పరికరం చేసింది. డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ అంటారు, 2010 నుంచి వాడకంలో ఉంది. ఆపదలో బటన్ నొక్కితే పడవ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా బెంగళూరులోని కంట్రోల్ సెంటర్‌కి చేరుతుంది. అక్కడి నుంచి కోస్ట్ గార్డ్ రక్షణ కేంద్రాలకి వెళ్తుంది. పద్ధతి బాగానే ఉంది. ఒకటే లోటు, అది ఒకవైపు మాత్రమే వెళ్ళేది. నొక్కినవాడికి తన పిలుపు చేరిందో లేదో తెలిసే దారి లేదు. తుపానులో, చీకట్లో, బటన్ నొక్కేసి కూర్చోవాలి. ఏనుగుకి వచ్చిన అనుమానం సరిగ్గా ఇదే, అవతల ఉన్నాడా లేడా అని.

2024లో ఇస్రో దాని రెండో తరం పరికరం తెచ్చింది. మిగతా మెరుగులు సరే, వాటిలో ఒకటి ఇది: మీ పిలుపు అందింది అని పడవకి తిరిగి సందేశం వస్తుంది. అంతే. ఆ సందేశం వల్ల గాలి తగ్గదు, రక్షించే ఓడ వేగం పెరగదు. అయినా ఎవరో ఇంజనీర్లు కూర్చుని దాని కోసం పనిచేశారు. సముద్రపు రేడియోలో మేడేకి జవాబు చెప్పడానికి ఎప్పటినుంచో ఒక నిర్ణీతమైన మాట ఉంది: 'రిసీవ్డ్ మేడే'. అంటే, విన్నాం. ఎప్పుడొస్తామో తర్వాత చెబుతారు. ముందు ఆ మాట చెబుతారు.

మన కథల్లో తుపాన్లు చాలా ఉన్నాయి. ఒడ్డున ఏడ్చే తల్లులూ, తిరిగిరాని మగాళ్ళూ ఉన్నారు. ఇంకో గది కూడా ఉంది ఎక్కడో, చెన్నైలోనో బెంగళూరులోనో. అర్ధరాత్రి డ్యూటీ, చల్లారిన టీ, తెర మీద ఉన్నట్టుండి వెలిగిన ఒక చుక్క, కుర్చీలోంచి లేచిన ఒక మనిషి. కొంగు వదలడం మర్చిపోయినవాడి వంశంవాడు. అతని కథ తెలుగులో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.